నలుబదిమందికి ఒకే పాఠమా?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)

  

సాయంకాలము గ్రంథాలయపు తలుపులు తెరచిన పిమ్మట లోనికి వచ్చువారందరు ఒకే గ్రంథమును కోరరు. వృద్ధుడొకడు భాగవతము నడుగును. రైతు దినపత్రికలో ధరవరల పుటను తెరచును. పరీక్షకు పోవు యువకుడు వ్యాకరణము కొరకు వెదకును. బొమ్మల పుస్తకము కావలెనని చిన్నవాడొకడు బల్లపై గడ్డమానించి నిలుచును. గ్రంథపాలకుడు వీరందరి చేతులలో ఒకే పుస్తకమునుంచి, దీపములు పెట్టు వేళకు ఇరువదవ పుట ముగింపవలెనని శాసించినచో, నెలదినములలో ఆ గ్రంథాలయమునకు తాళము పడును. అట్టి శాసనము ఏ గ్రంథపాలకునికిని తోచదు. కాని పాఠశాలలో అనేక పర్యాయములు జరుగుచున్నది అదియే. 40 మంది పిల్లలు, ఒకే పుస్తకము, ఒకే పుట, ఒకే గంట. గంట మ్రోగినంతనే అందరును తరువాతి పుటకు పోవలెను. వెనుకబడినవాడు వెనుకనే యుండిపోవును.

ఆచార్య రంగనాథన్‌గారు గ్రంథాలయ శాస్త్రమునకు పితామహులనదగినవారు. వారు పూర్వము మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము బోధించిరి. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులైరి. 1931లో వారు ప్రకటించిన పంచసూత్రములలో రెండు ఈనాటి విషయమునకు మిక్కిలి దగ్గరివి. ప్రతి పాఠకునకు తగిన గ్రంథము దొరకవలెననునది యొకటి; ప్రతి గ్రంథమునకు తగిన పాఠకుడు లభింపవలెననునది రెండవది. పాఠకుడను మాటకు మారుగా బాలుడనియు, గ్రంథమను మాటకు మారుగా పాఠమనియు వేసికొన్నచో, ఇదియే విద్యాబోధనకును మూలసూత్రమగును. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము ఈ సూత్రమును నీటిపై గూడ నడపినది. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నడిపించిరి. పుస్తకమున్నచోటికి పాఠకుడు రాలేనప్పుడు పాఠకుడున్న రేవునకే పుస్తకము పోయెను. పాఠము కూడ బాలుడున్న రేవునకు పోవలెననుటయే ఈ ప్రసంగము యొక్క సారాంశము.

మూడవ తరగతి గది నొకదానిని మనస్సున నిలుపుకొనుడు. తెలుగు వాచకము తెరచియున్నది. మొదటి వరుసలోని బాలిక ఆ పాఠమును ఇంటివద్ద అక్కతో కలసి ఎప్పుడో చదివియున్నది. ఆమెకు ఏమియు తోచక పలకపై పూవులు గీయుచున్నది. ఆమె వెనుకనున్న బాలుడు అక్షరము అక్షరముగా కూడబలుకుకొనుచు చదువగలడు గాని, వాక్యము చివరకు వచ్చుసరికి మొదటి మాట మరచిపోవును. వేరొకనికి గుణింతములు వచ్చును, ఒత్తులు రావు. మకారము, యకారము అతనికి ఒక్కటిగానే కనబడును. థకారమునకు ధకారమునకు భేదము తెలియదు. మరియొక బాలిక తండా నుండి వచ్చుచున్నది. ఇంటిలో ఆమె నీటిని "పాణి" అనును. వాచకములోని "జలము" ఆమెకు రెండు మెట్లు దూరమున నున్నది. మూల కూర్చున్నవాడు తల్లిదండ్రులతో ఇటుకబట్టీలకు పోయి నాలుగు నెలల తరువాత తిరిగి వచ్చినవాడు. అతడు లేనప్పుడు జరిగిన పాఠములు అతని కొరకు ఆగలేదు. వెనుక బల్లమీదివానికి నల్లబల్ల మసకగా కనబడును. కాని లోకమంతయు అట్లే మసకగా నుండునని అతని తలంపు. కావున అతడెవరితోను చెప్పలేదు.

వీరందరి నడుమ ఒక ఉపాధ్యాయుడు. పాఠము 45 నిమిషములు. పిల్లలు 40 మంది. నిమిషముల లెక్క చూచినచో ఒక్కొక్కరికి ఒక్క నిమిషము కంటె కొంచెమెక్కువ లభించును. అందుచేత ఆయన అందరిచేత ఏకకంఠమున చదివించును. ఆ ధ్వని వీథివరకు వినబడును. దారిని పోవువారు బడి బాగుగా సాగుచున్నదని సంతసింతురు. కాని ఆ సామూహిక ధ్వనిలో చదువరాని బాలుడును నోరు తెరచుచున్నాడు. ప్రక్కవాని పెదవులను చూచి పలుకుచున్నాడు. అతని పుస్తకమును తలక్రిందులుగా పట్టించినను పాఠము తప్పిపోదు. అందరికంఠము అతని మౌనమును కప్పివేయుచున్నది.

ఇట్లు కప్పబడినవారెందరో 2005 మొదలు లెక్కకు వచ్చినది. ఆ యేటి నుండి ప్రథమ్ అను సంస్థవారు గ్రామములలో ఇంటింటికి పోయి, పిల్లలను ఒక్కొక్కరినే కూర్చుండబెట్టి చదివించి, అసర్ అను పేర నివేదికలు వెలువరించుచున్నారు. పరీక్ష మిక్కిలి సులభము: అక్షరములు, మాటలు, ఒక చిన్న పేరా, రెండవ తరగతి స్థాయి కథ యొకటి. 2018 నివేదికలో గ్రామీణ భారతమున ఐదవ తరగతి పిల్లలలో సగముకంటె ఏమాత్రమో ఎక్కువమంది మాత్రమే ఆ రెండవ తరగతి కథను చదువగలిగిరి. కరోనా వ్యాధి కారణముగా బడులు మూతపడిన పిమ్మట 2022లో అది సుమారు 43 శాతమునకు దిగినది. 2024లో తిరిగి 49 శాతమునకు చేరువైనది. అనగా ఐదేండ్లు బడికి పోయినవారిలో సగముమంది మూడేండ్లు వెనుకనున్నారు. వీరు బడి ఎగ్గొట్టినవారు కారు. బడిలో కూర్చుండియే వెనుకబడినవారు. వీరిలో అనేకులు ఏడవ తరగతిలోనో ఎనిమిదవ తరగతిలోనో "చదువు రాలేదు" అను మాటతో బడి విడుతురు. రాలేదన్న నింద బాలునిపై పడును. చేరలేదన్న విచారణ పాఠము మీద జరుగదు.

పూర్వము వీథిబడులలో ఈ చిక్కు ఇంతగా లేదు. 1822లో మద్రాసు గవర్నరుగా నుండిన సర్ తామస్ మన్రో దేశీయ పాఠశాలలను గూర్చి విచారణ జరిపించెను. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ దొర 1823లో పంపిన నివేదిక వానిలో ప్రసిద్ధమైనది. ఇతడే 1816లో తెలుగునకు ఆంగ్లమున వ్యాకరణము రచించినవాడు. ఆనాటి బళ్ళారి జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉండిరని అతడు లెక్కించెను. ఆ పాఠశాలలలో తెలుగువి 226. పిల్లలు మొదట ఇసుకపై వ్రేలితో అక్షరములు దిద్దుదురు. పైమెట్టున నున్న బాలుడు క్రిందిమెట్టున నున్నవానికి నేర్పును. నేర్పుటలో తన విద్యను స్థిరపరచుకొనును. గురువు అందరిపై ఒక కన్ను వేసియుండును. ఒక మెట్టు రానిదే తరువాతి మెట్టు లేదు. వచ్చినవాడు ఇతరుల కొరకు ఆగనక్కరలేదు. క్యాంబెల్ ఈ పద్ధతిని ముక్తకంఠమున మెచ్చుకొనెను.

ఈ పద్ధతి అప్పటికే సముద్రము దాటియుండెను. మద్రాసులో సైనికుల అనాథ బాలుర పాఠశాలను 1789 నుండి నడిపిన ఆండ్రూ బెల్, దేశీయపు బడిలో పిల్లలు ఇసుకపై వ్రాయుట చూచి తన పాఠశాలలో దానిని ప్రవేశపెట్టెను; పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు బోధింపజేసెను. 1797లో లండనులో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతి యను పేర వ్యాపించెను.

అయినను వీథిబడిని బంగారు బడిగా చిత్రించుట న్యాయము కాదు. ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. పేదరికముచేత అనేకులు పిల్లలను బడినుండి మాన్పించుచుండిరనియు, అర్థము తెలియని పద్యములను పిల్లలు వల్లించుచుండిరనియు క్యాంబెలే వ్రాసెను. ఉదయమున మొట్టమొదట వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతీ నామము వ్రాయుదురు. రెండవవాని చేతిలో సున్న చుట్టుదురు. మూడవవానికొక దెబ్బ, నాల్గవవానికి రెండు దెబ్బలు, అట్లే పెరుగుచుపోవును. ఇంటిలో దూడలను కట్టి రావలసిన బాలుని అరచేయి ఎట్లుండెనో ఊహింపవచ్చును. ఆలస్యమునకు కారణమడుగని దండనము, వెనుకబాటునకు కారణమడుగని బోధనము, రెండును ఒక్క కొమ్మ కాయలే.

19వ శతాబ్ది ఉత్తరార్ధమున ప్రభుత్వ తనిఖీలు, తరగతుల వారీ పాఠ్యక్రమములు, పరీక్షా ఫలితములను బట్టి గ్రాంటులు వచ్చినవి. బడులు పెరిగినవి, వీథిబడి గుమ్మము త్రొక్కని కులములవారికి, బాలికలకు క్రమముగా తలుపులు తెరువబడినవి. ఇది గొప్ప లాభము. కాని వయస్సును బట్టి తరగతి, తరగతిని బట్టి పుస్తకము నిర్ణయమై, బాలుని బట్టి పాఠము అనునది మరుగున పడెను. ఇప్పుడు కావలసినది అందరికిని తెరచిన ఆ తలుపును, ఎవరి మెట్టు వారిదిగా సాగిన ఆ పాఠమును ఒక్కచోట చేర్చుట.

అట్లు చేర్చిన యత్నములు లేకపోలేదు. మేడమ్ మాంటిసోరి ఇటలీలో మొదట మందబుద్ధులని వదలివేయబడిన పిల్లలకు నేర్పి, వారు నేర్చుకొనగలరని చూపిరి. ఆ అనుభవముతోనే 1907లో రోమునగరపు పేదవాడలో శిశుగృహమును తెరచిరి. గరుకు కాగితముతో చేసిన అక్షరములను పిల్లలు వ్రేళ్ళతో తడిమి నేర్చిరి. వీథిబడి ఇసుకకు అవి దూరపు చుట్టములు. 1939లో వారు మద్రాసు అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే యుండి, వేయిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చిరి.

తెలుగుదేశముననే ఇంతకంటె దగ్గరి ఉదాహరణము కలదు. మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ విద్యాకేంద్రమువారు చుట్టుపట్ల పల్లెలలో చిన్న పాఠశాలలు నెలకొల్పిరి. ఒక గది, ఒక ఉపాధ్యాయుడు, నాలుగైదు తరగతుల పిల్లలు. అచ్చట రమ, పద్మనాభరావు దంపతులు 1980 దశకము నుండి ఒక పద్ధతిని రూపొందించిరి. వాచకమును చిన్న చిన్న అట్టలుగా విడదీసిరి. ప్రతి అట్టపై ఒక గుర్తు, ఒక సంఖ్య. గోడపై నిచ్చెన వంటి పటమొకటి. బాలుడు పటములో తానున్న మెట్టు చూచుకొని తన అట్టను తానే తీసికొనును. కొన్ని అట్టలు క్రొత్త విషయము నేర్పునవి, కొన్ని అభ్యాసమునకు, కొన్ని వచ్చినదో రాలేదో చూచుటకు, రానిచో మరల నేర్పుటకు కొన్ని, వచ్చినవాడు ఇంకను ముందుకు పోవుటకు కొన్ని. ఒక గుంపు ఉపాధ్యాయుని వద్ద, ఒక గుంపు తోటిపిల్లలతో, ఒక గుంపు స్వయముగా పని చేయును. నాలుగు నెలలు వలసపోయి వచ్చిన బాలుడు తానాగిన మెట్టునుండియే తిరిగి ఎక్కును. అతని నిచ్చెనను ఎవరును తీసివేయలేదు. 1990 దశకమున మైసూరు జిల్లా ఉపాధ్యాయులు ఈ పద్ధతిని చూచిపోయి కన్నడమున నలికలి యను పేర నడిపిరి. 2003 నుండి మద్రాసు నగర పాఠశాలలు దీనిని స్వీకరింపగా, తరువాత తమిళనాడంతటను వ్యాపించినది. బెల్ దొర కాలమునవలెనే మరల ఒక పల్లెబడి పట్టణములకు పాఠము చెప్పినది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1980 దశకమున బ్రిటిషు సహాయముతో నడిపిన ప్రాథమిక విద్యా పథకము ఆరు సూత్రములపై నిలిచినది. పిల్లల వ్యక్తిగత భేదములను గమనించి బోధించుట వానిలో ఒకటి. కావున ఇది క్రొత్తగా నేర్వవలసిన సంగతి కాదు. తెలిసియుండియు నిలుపుకొనలేకపోయిన సంగతి.

ఆచరణమున ఇది ఎట్లుండునో ఒక లెక్కతో చూడవచ్చును. పాఠము: 27కు 15 కూడుట. ఒకట్ల స్థానమున ఏడును ఐదును కలిపిన పండ్రెండు. రెండు వ్రాసి ఒకటి పైకి తీసికొనవలెను. ఈ "పైకి తీసికొనుట" యనునదే అనేకులకు మంత్రమువలె వినబడును. తెలియని పిల్లలచేత ఉపాధ్యాయుడు చీపురు పుల్లలను పది పదిగా కట్టలు కట్టించును. రెండు కట్టలు ఏడు పుల్లలు. ఒక కట్ట ఐదు పుల్లలు. విడిపుల్లలు కలిపినచో పండ్రెండు. వానిలో పదింటిని కట్ట కట్టగా రెండు మిగులును. కట్టలు నాలుగైనవి. మొత్తము 42. పైకి పోయిన ఒకటి ఒక కట్టయని బాలుని చేతికి తెలిసినది. అదే సమయమున రెండవ గుంపు పలకలపై అట్టి లెక్కలే చేయుచు, జంటలుగా ఒకరిది ఒకరు దిద్దుచుండును. మూడవ గుంపు సంతకు పోయినట్లు ఊహించి, 42 రూపాయలు జవాబుగా వచ్చు కథలెక్కలు తామే కల్పించుచుండును. పాఠమొక్కటే, ప్రవేశించు ద్వారములు మూడు. చివరి పది నిమిషములు అందరును ఒక్కచోట కూర్చుందురు. పుల్లల గుంపులోని బాలుడు లేచి కట్ట కట్టి చూపును. లెక్కలు చేయగలిగిన పలువురు పిల్లలకు అప్పుడే ఆ "ఒకటి" యొక్క అర్థము తెలియును.

భాష విషయమున గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు చూపిన దారి చిరస్మరణీయము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండగా వారు కొండలలోని సవరల భాషను నేర్చిరి. ఆ భాషలో పుస్తకములు వ్రాసిరి. స్వంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టిరి. 1931లో ఆ భాషకు వారి వ్యాకరణము వెలువడినది. బాలుడు గురువు భాషకు రాలేకపోయినచో గురువే బాలుని భాషకు పోవలెనని వారు చేసి చూపిరి. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అను ఎనిమిది భాషలలో మొదటి తరగతుల బోధన నారంభించినది. తండా బాలిక చెప్పు "పాణి" యను మాటను తరగతిలో ఒక్కసారి బల్లపై వ్రాసి, దాని ప్రక్కన "నీరు", "జలము" అని వ్రాసినచో, ఆమెకొక మాట లభించును, తక్కినవారికొక మాట లభించును. అన్నిటికంటె మిన్నగా తన యింటిమాట బడిలో తప్పు కాదని ఆమెకు తెలియును.

కన్ను, చెవి సంగతి వేరు. నల్లబల్ల కనబడనివానికి కావలసినది మొదట కళ్ళద్దములు, ముందు బల్ల. బొత్తిగా చూపు లేనివారికి 1951లో భారతీయ భాషలన్నిటికి ఏకరీతిగా ఏర్పడిన భారతి బ్రెయిలీ లిపి కలదు. దానిచే తెలుగును వ్రేళ్ళతో చదువవచ్చును. తెలివి పుష్కలముగా నుండియు అక్షరములను ధ్వనులతో జతపరచుటలో విశేష కష్టము పడు పిల్లలును కలరు. దీనిని డిస్‌లెక్సియా యందురు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఇట్టి అభ్యసన వైకల్యములను కూడ గుర్తించినది. వారిని సోమరులని తిట్టుట కుంటివానిని పరుగెత్తలేదని కొట్టుట వంటిది. వారికి వ్యవధి ఎక్కువ కావలెను. వ్రాసి చెప్పలేనిది నోటితో చెప్పు అవకాశము కావలెను.

ఇచ్చట రెండు హెచ్చరికలు అవసరము. కొందరు కంటితో నేర్చువారనియు, కొందరు చెవితో నేర్చువారనియు, కొందరు చేతితో నేర్చువారనియు పిల్లలను విభజించు వాడుకయొకటి వ్యాపించినది. 2008లో మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరిశోధనలన్నిటిని పరిశీలించి, అట్టి విభజనను బట్టి బోధించినచో ఎక్కువ నేర్తురనుటకు తగిన నిదర్శనము లేదని తేల్చిరి. కావున ఒక బాలునికి పుల్లలు, ఒక బాలునికి బొమ్మలు అని ముద్ర వేయనక్కరలేదు. పుల్లలు, బొమ్మ, మాట మూడును అందరికిని మేలే. గమనింపవలసినది బాలుడే జాతివాడని కాదు. ఈ పాఠమున అతడే మెట్టున నున్నాడని.

రెండవది ఇంతకంటె ముఖ్యమైనది. ఫ్రాన్సులో 1905లో ఆల్ఫ్రెడ్ బినే బుద్ధిపరీక్షను తయారుచేసెను. సహాయము కావలసిన పిల్లలను గుర్తించి సహాయము చేయుటయే అతని ఉద్దేశము. బుద్ధి మారని వస్తువు కాదని, అభ్యాసముచే పెరుగునని అతడు వాదించెను. తరువాతివారు ఆ పరీక్షనే పిల్లల నొసట శాశ్వతముగా వ్రాయు గంటముగా వాడిరి. గుంపులు చేయుటలో ఈ అపాయము ఎల్లప్పుడు పొంచియుండును. పుల్లల గుంపు మొద్దుల గుంపుగా మారరాదు. మన గ్రామములలో వెనుక బల్ల ఏ పేటదో, ముందు బల్ల ఏ వీథిదో తెలిసియే యుండును. గుంపు ఆ విభజనకు క్రొత్త పేరైనచో, గుంపు లేకుండుటయే మేలు. కావున గుంపు పాఠమును బట్టి మారవలెను. రెండు మూడు వారములకొకసారి తిరిగి చూడవలెను. లెక్కలలో వెనుకనున్నవాడు పాటలో ముందుండవచ్చును. నిచ్చెన ఎక్కుటకే గాని ఒక మెట్టున కట్టివేయుటకు కాదు.

ఉపాధ్యాయుల ఆక్షేపణమును కూడ వినవలెను. తరగతులు ఎక్కువ, చేతులు తక్కువ, పాఠ్యక్రమము ముగింపవలెను, కాగితపు పనులు కోకొల్లలు. ఇది నిజము. ఆచార్యులు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో మున్నగువారు ప్రథమ్ సంస్థతో కలసి జరిపిన పరిశోధనలును దీనిని బలపరచుచున్నవి. ఉపాధ్యాయులకు శిక్షణము, సామగ్రి ఇచ్చి ఊరకున్నచోట బడి నడుచు దినములలో ఫలము కానరాలేదు. హర్యానాలో 2012-13లో ప్రతిదినము ప్రత్యేకముగా ఒక గంట కేటాయించి, ఆ గంటలో తరగతిని విడిచి చదువు మెట్టును బట్టి పిల్లలను కూర్చుండబెట్టినచోట భాషలో అభివృద్ధి కనబడెను. అనగా ఉపాధ్యాయునికి ఉపదేశముతో పాటు వేళ ఇయ్యవలెను. ఇదే రీతిని తెలంగాణమున 2022లో తొలిమెట్టు అను పేర ప్రాథమిక తరగతులకు చదువు, లెక్కలపై ప్రత్యేక కార్యక్రమము ఆరంభమైనది.

గ్రంథాలయమునకు చెందిన పాఠము వేరొకచోట కలదు. ఉత్తరప్రదేశమున జౌన్‌పూర్ జిల్లాలో 2005-06 ప్రాంతమున గ్రామయువకులు కొద్దిదినముల శిక్షణముతో సాయంకాలపు చదువు శిబిరములు నడిపిరి. వారు ఉపాధ్యాయులు కారు, జీతము లేదు. అయినను ఆ శిబిరములకు పోయిన పిల్లలు స్పష్టముగా ముందంజ వేసిరి. అక్షరమే రాని పిల్లలు అక్షరములు చదువ నేర్చిరి. కాని ఆ విజయమున ఒక లోపము కలదు: చదువరాని పిల్లలలో పోయినవారు కొద్దిమందియే. తలుపు తెరచియున్నది, అవసరమున్నవారే రాలేదు. పడవ గ్రంథాలయము గుర్తునకు రావలసినది ఇచ్చటనే.

కావున ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయ సభ్యులకు చేయదగిన మనవి చిన్నది. ధనముతో పెద్దగా పనిలేదు. చిన్నపిల్లల పుస్తకములను తరగతిని బట్టి గాక కష్టమును బట్టి అమర్చవచ్చును: ఒత్తులు లేని చిన్న మాటలవి ఒక అరలో, చిన్న వాక్యములవి ఒక అరలో, కథలు ఒక అరలో. వారమునకు మూడు సాయంకాలములు ఒక్కొక్క గంట చదువు గంటగా నిర్ణయింపవచ్చును. పదవ తరగతి దాటిన యువతీయువకులు ఒక్కొక్కరు నలుగురైదుగురు పిల్లలను చేరదీసి, మొదటిదినము ఒక్కొక్కరిచేత విడిగా చదివించి, ఎవరే మెట్టున నున్నారో చూడవలెను. ఏకకంఠము కూడదు, ప్రతి బాలుడు ప్రతి సాయంకాలము ఒక్కసారియైన ఒంటరిగా, భయములేక, గట్టిగా చదువవలెను. తప్పు చదివినచో నవ్వరాదను నియమము గోడపై వ్రాయవలెను. నెలకొకసారి మెట్టు తిరిగి చూడవలెను. ఉపాధ్యాయులతో మాట్లాడి, వలసపోయి వచ్చిన పిల్లల పేర్లను తెలిసికొనవలెను. వారు గ్రంథాలయమునకు రాకున్నచో, చాప ఒకటి, పుస్తకములు పది తీసికొని వారి పేటకే పోవలెను. కన్ను మసకగా నున్నదేమో చూచుటకు నాలుగు బారల దూరమున క్యాలెండరును వ్రేలాడదీసి అంకెలు చదివించినను కొంత తెలియును. అనుమానమున్నచో ప్రభుత్వ వైద్యశాలకు పంపవచ్చును.

ఇంటివారికి కూడ ఒక మాట. "పెద్దవాడు చురుకు, చిన్నవాడు మొద్దు" అను మాట భోజనముల వేళ ఎన్ని యిండ్లలో వినబడుచున్నదో! ఆ మాటను బాలుడు పాఠముకంటె త్వరగా నేర్చుకొనును. ఇద్దరికి ఒకే కొలత చొక్కా కుట్టించు తల్లి లేదు. ఇద్దరికి ఒకే కొలత పాఠము చాలక పోయినప్పుడు తప్పు దేహముది కాదని దర్జీకి తెలిసినట్లే, తప్పు బాలునిది కాదని గురువునకును, తల్లికిని తెలియవలెను.

25 సంవత్సరములు ఒక గ్రంథాలయమును నడుపుట సామాన్యము కాదు. చందా పుస్తకములోని ప్రతి సంతకము వెనుక ఒక పాఠకుడున్నాడు. కాని ఈ 25 సంవత్సరములలో ఈ వాకిటి ముందునుండి నడచిపోయి, చదువరాక లోనికి రానివారి పేర్లు ఏ పుస్తకమునను లేవు. వారిలో కొందరు ఇప్పుడు తండ్రులు, తల్లులు. వారి పిల్లలు ఈనాడు మూడవ తరగతిలో, వెనుక బల్లపై, ప్రక్కవాని పెదవులను చూచి పలుకుచుండవచ్చును. వచ్చు సోమవారము సాయంకాలము చాప పరచి అట్టివారిని నలుగురిని కూర్చుండబెట్టి, మొదటి అక్షరములనుండి మొదలిడినచో, ఈ రజతోత్సవము సభతో ముగియక బడి వరకు సాగును.

స్వస్తి.